ఆరో ఫిరంగి

ఆ వారంలో మా ఆటను సగంలో వదిలేసి లేచినవాళ్లలో ఆమె ఏడో మనిషి. పక్క సందులో లేడీస్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుకుంటున్న అమ్మాయి. కంట్రోలర్‌ను చాప మీద మెల్లగా పెట్టి, "అక్కా, ఆట మంచిగనే ఉన్నది గానీ, నాకు నిద్రొస్తుంది" అంది. తెర మీద శత్రువుల ఓడ ఎదురుగా వస్తోంది. మా ఓడ తెరచాప అంటుకుని మండుతోంది. ఈమెకు నిద్రట!

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ అమ్మాయి మీద కాదు. గోడకు ఆనుకొని కూర్చుని, నేను ముందే చెప్పలేదా అన్నట్టు గోళ్లు చూసుకుంటున్న నా స్నేహితురాలి మీద.

మేమిద్దరం కరీంనగర్‌లో పాలిటెక్నిక్ చదివినప్పటి నుంచి జంట. టవర్ సర్కిల్ దగ్గర చెప్పుల దుకాణం వాళ్లది. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బజార్లో తెలుగు, నన్ను తిట్టడానికి రెండూ వాడుతుంది. నాది మందమర్రి, బొగ్గుగని కార్మికుల కాలనీ. ఆమె బొమ్మలు గీస్తుంది, చప్పుళ్లు తయారు చేస్తుంది. నేను కోడ్ రాస్తాను. ఆ చెప్పుల దుకాణం మీది గదిలో మూడేళ్లుగా ఒక్కటే ఆట చేస్తున్నాం. మూడు వందల ఏళ్ల కిందటి కొంకణ తీరం, తెరచాపల ఓడలు, ఫిరంగులు, సముద్రం మీద యుద్ధం. మా ఇద్దరిలో సముద్రాన్ని చూసింది ఆమె ఒక్కతే, అదీ చిన్నప్పుడు, పడవలో వాంతులు చేసుకుంటూ. అలల చప్పుడు కావలసి వచ్చినప్పుడు మంథని పోయి గోదావరి ఒడ్డున రికార్డు చేసుకొచ్చాం. నవ్వేవాళ్లు నవ్వారు. నవ్వనీ అనుకున్నాం.

అయితే వచ్చే శుక్రవారం ఆ మాట అనుకోవడానికి వీల్లేదు. ఏడాదిగా మాకు అండగా ఉన్న హైదరాబాద్ కంపెనీ నుంచి ఒకాయన వస్తున్నాడు. ఆటను జనంలోకి తేవాలా వద్దా అని తేల్చేది ఆయనే. అంతకుముందు రెండుసార్లు పంపితే, రెండుసార్లూ పది నిమిషాల్లో ఆపేశాడు. ఈసారి మా ముందే కూర్చుని ఒక యుద్ధం మొదటి నుంచి చివరిదాకా ఆడతానని ఫోన్లో చెప్పాడు. ఆడితే సరేసరి. మధ్యలో లేచాడంటే మూడేళ్ల పనికి ఆ రోజే తాళం పడుతుంది. ఆయన మర్యాదస్తుడు, అందుకే ఆ సంగతి నేరుగానే చెప్పాడు. హాస్టల్ అమ్మాయికి నిద్రొచ్చింది శనివారం.

గొడవంతా ఒక్క దగ్గరే ఉంది. ఫిరంగి ఒకసారి పేలాక మళ్లీ సిద్ధం కావడానికి ఎంతసేపు పట్టాలి? నేను పాత ఓడల గురించి దొరికినదల్లా చదివినదాన్ని. గొట్టం తుడవాలి, మందు కూరాలి, గుండు దోపాలి, మళ్లీ ముందుకు తోయాలి. బాగా ఆరితేరిన మనుషులకే నిమిషం పైన పడుతుంది. మా ఓడ మీదున్నవాళ్లు అంత ఆరితేరినవాళ్లు కాదు కనుక రెండు నిమిషాలు పెట్టాను. అది నిజం. ఆ నిజాన్ని చూసుకుని నాకు గర్వంగా కూడా ఉండేది.

"రెండు నిమిషాలల్ల మా అమ్మీ చాయ్ చేసి, తాగి, గిలాస కూడ కడిగి పెడ్తది. నీ ఫిరంగి మాత్రం నిండది" అంది నా స్నేహితురాలు.

"గప్పట్ల గంత టైము పట్టేది. నేనేం జేయాలె? అబద్ధం పెట్టాల్నా?"

"గప్పటోళ్లకు చావు భయం ఉండె. గందుకే నిద్ర రాలే. గీ పోరికి ఏం భయమున్నదే? పొద్దున కోచింగుకు లేటైతదని భయం, గంతే!"

జవాబు దొరకనప్పుడు నాకు కోపం ఇంకా ఎక్కువొస్తుంది. సరే, నీ మాటే కానిమ్మని పది సెకన్లు పెట్టాను. ఆదివారం పొద్దున అదే హాస్టల్ అమ్మాయిలు నలుగురు వచ్చి ఆడారు. గురి లేదు, గాలి చూసుకోవడం లేదు, దీపావళి నాడు పటాకుల దుకాణానికి నిప్పంటుకున్నట్టు టపటపమని ఒకటే బటన్ నొక్కుడు. అందరూ గెలిచారు. ఇంకోసారి ఆడతామని ఒక్కరూ అడగలేదు. మధ్యేమార్గంగా ముప్పావు నిమిషం పెట్టి చూశాం. రెంటికీ చెడ్డ రేవడి అయింది.

సరిగ్గా ఈ పరేషాన్‌లోనే మా నాన్న, అదే మా బాపు, వచ్చాడు. ఆయనకు కంట్లో శుక్లం. మా అమ్మ, మేం అవ్వ అంటాం, చెల్లె కాన్పుకని ఖానాపూర్‌లో ఉంది. అందుకని ఆపరేషన్‌కు నా దగ్గరికి వచ్చాడు. సోమవారం ఆపరేషన్ అయింది. మంగళవారం కట్టు విప్పి నల్లద్దాలు పెట్టి పంపించారు. రెండు గంటలకోసారి చుక్కలు వేయాలి, టీవీ గానీ ఫోన్ గానీ చూడొద్దు అన్నారు. ఇంట్లో ఒక్కడినే వదిలితే చుక్కలు వేసేదెవరు? గదికే తీసుకొచ్చి, తెరకు వీపు పెట్టి కిటికీ వైపు తిరిగేలా కుర్చీ వేశాను. నా స్నేహితురాలు కిందినుంచి చాయ్ తెప్పించి, "చాచా, మా లొల్లికి మీకు తల నొస్తే చెప్పుండ్రి, గీమెను బైటికి పంపిస్త" అంది. బాపు నవ్వాడు.

మేం మా పనిలో పడ్డాం. ఒకవైపున్న ఆరు ఫిరంగులను వరసగా పేల్చి చూస్తున్నాను.

"బిడ్డా, ఎన్ని పెట్టినవ్?" అన్నాడు బాపు, తల తిప్పకుండా.

"ఏంది బాపూ?"

"తోటాలు. ఎన్ని పెట్టినవ్?"

"తోటాలు గావు బాపూ, ఫిరంగులు. ఆరు."

"ఐదే పేలినయ్. మనుషులను పంపకు."

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. మళ్లీ పేల్చాను. "ఆరు" అన్నాడు. మళ్లీ పేల్చాను. "ఆరు." నాలుగోసారి, "ఐదు" అన్నాడు. నా స్నేహితురాలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ నాలుగోసారి పేల్చిందాన్ని పది సార్లు విని, చేత్తో నుదురు కొట్టుకుంది. ఆయన చెప్పిందే నిజం. గాలి, అలలు, అరుపులు అన్నీ ఒకేసారి మోగుతుంటే మా ప్రోగ్రాం చోటు చాలక ఒక ఫిరంగి చప్పుడును అప్పుడప్పుడు మింగేస్తోంది. మూడేళ్లుగా మా ఇద్దరికీ అది వినిపించలేదు.

బాపుకు వినిపించడంలో వింత లేదు. ఆయన గనిలో షాట్‌ఫైరర్. భూమి లోపల బొగ్గు గోడకు బెజ్జాలు వేసి, తోటాలు పెట్టి, మనుషులందరినీ వెనక్కి పంపి, పేల్చేవాడు. ఎన్ని పెడితే అన్ని చప్పుళ్లు రావాలి. ఒకటి తగ్గినా, తగ్గిందేమోనని అనుమానం వచ్చినా, అర్ధగంటదాకా ఎవరూ అటు అడుగు పెట్టకూడదు. అది ఆ పని కట్టుబాటు. రిటైరై ఇన్నేళ్లయినా బాపు చెవులు డ్యూటీ దిగలేదు. కుక్కర్ కూతలు లెక్కపెడతాడు. బరాత్‌లో పటాకుల లడీ కాలుస్తుంటే పెదవులు కదుపుతూ నిలబడతాడు. మా చిన్నప్పుడు దీపావళికి పేలని పటాకు దగ్గరికి మమ్మల్ని పోనివ్వకుండా నీళ్ల బకెట్ పట్టుకుని కాపలా కూర్చునేవాడు. మేం వెనకనుంచి "ఒకటీ, రెండూ" అని వెక్కిరించేవాళ్లం.

ఆ మంగళవారం నాకు వెక్కిరింత రాలేదు. బుర్రలో లైటు వెలిగింది. నా స్నేహితురాలి కళ్లు చూస్తే ఆమెకూ అదే తోచిందని అర్థమైంది. చప్పుడు మింగేయడం తప్పు కాకుండా, దాన్నే ఆట చేస్తే? ఆరు ఫిరంగుల్లో ఒక్కోసారి ఒకటి పేలదు. ఏది పేలలేదో తెర మీద ఏ గుర్తూ ఉండదు. చెవితోనే లెక్కపెట్టుకోవాలి. అన్నీ పేలాయనుకుని "పో" అని నొక్కితే మనుషులు వెంటనే మందు కూరడం మొదలుపెడతారు. ఒకటి లోపలే ఉండిపోయి ఉంటే అది వాళ్ల మొహం మీదే పేలుతుంది. అనుమానం ఉంటే "ఆగు" అని నొక్కాలి. ఇసుక గడియారం ఖాళీ అయ్యేదాకా అందరూ వెనక్కి జరిగి నిలబడతారు. ఆలోగా శత్రువు ఊరుకోడు.

మంగళవారం మిగిలిన పగలంతా, బుధవారం పగలంతా చేశాం. బుధవారం సాయంత్రం హాస్టల్ అమ్మాయిలను మళ్లీ పిలిచాం. ఫిరంగులకు మళ్లీ నా రెండు నిమిషాలే పెట్టాను. మొదటి అమ్మాయి పేల్చింది. ఆమె వెనకనుంచి మిగతా ముగ్గురు గొంతు కలిపి "ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు" అన్నారు. అంతే, ఆగిపోయారు. "ఐదేనానే?" "ఐదే." "ఆరు ఇన్న నేను." "నీ మొకం, ఐదే!" ఆ అమ్మాయి "ఆగు" నొక్కి, ఇసుక జారుతుంటే కంట్రోలర్‌ను గుండెకు హత్తుకుని కూర్చుంది. రెండు నిమిషాలు, ఆ తర్వాత మందు కూరడానికి ఇంకో రెండు నిమిషాలు. నాలుగు నిమిషాల పాటు ఒక్కరూ ఆవలించలేదు! నా స్నేహితురాలు నా తొడ మీద గిచ్చింది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

రెండో అమ్మాయి మాటల్లో పడి లెక్క తప్పింది. "పో" అని నొక్కింది. ఫిరంగి పగిలింది, పొగ లేచింది, మందు కూరుతున్న మనిషి ఎగిరి చెక్కల మీద పడ్డాడు. అమ్మాయిలంతా కెవ్వున అరిచి, ఆ వెంటనే పడీ పడీ నవ్వారు. "ఆరుదాక లెక్క రానోన్ని తీసుకొచ్చి ఓడ మీద పెట్టిండ్రేందక్కా!" అంది ఒకమ్మాయి. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఎందుకు నవ్వనూ? ఆట బతికింది.

నవ్వు ఆగాక వెనక్కి చూస్తే కిటికీ దగ్గరి కుర్చీ ఖాళీగా ఉంది.

బాపు కింద దుకాణంలో చెప్పులు తొడిగి చూసుకునే బల్ల మీద కూర్చుని ఉన్నాడు. "చెవులల్ల హోరుగున్నది, ఇంటికి పోదాం" అన్నాడు. ఇంటికొచ్చి పడుకోబెట్టి చుక్కలు వేశాను. చుక్కలు వేశాక ఐదు నిమిషాలు కళ్లు మూసుకునే ఉండాలి. కళ్లు మూసుకునే అన్నాడు.

"గా పోరి సూడకుంటనే నన్ను పట్టేసింది బిడ్డా. నేనే గా లెక్క రానోన్ని."

నాకు అర్థం కాలేదు. అడగడానికి భయమేసింది. ఆయనే చెప్పాడు. అంతకు ముందు ఎన్నడూ చెప్పని సంగతి.

"గా దినం ఆరు పెట్టిన. నాలుగు సాఫ్‌గ ఇనవడ్డయ్. తర్వాత ఒకటి జర పెద్దగ ఇనవడ్డది. రెండు కలిసి పేలినయా, ఒకటే గట్టిగ పేలిందా? నాకు తెల్వలే. వెనుక పదిమంది నిలవడ్డరు. 'అన్ని అయినయా?' అని అడిగిండ్రు. షాట్‌ఫైరర్ నోట్లెకెళ్లి తెల్వదన్న మాట ఎట్లొస్తది? నామోషీ అనిపించింది. ఆరు, అన్న."

ఆ బొగ్గు గోడ దగ్గరికి ముందుగా వెళ్లింది, రోజూ బాపుతో సద్ది పంచుకుని తినే మనిషి. సబ్బలి తీసుకుని బొగ్గు కూలగొడుతుంటే లోపల మిగిలిన తోటాకు తగిలింది. బాపు ఆయన్ను మోసుకొచ్చాడు. బయటికి తెచ్చేసరికే ప్రాణం లేదు.

"అందరడిగిండ్రు. ఆరు ఇన్ననే చెప్పిన. మీ అవ్వకు గూడ గట్లనే చెప్పిన. ఇన్నేండ్లకు నీకే చెప్తున్న, నేను ఆరు ఇనలే. ఎన్ని ఇన్ననో నాకు తెల్వది." దిండు సర్దుకుని, "అర్ధగంట ఆగితే ఏమైతుండె బిడ్డా? బొగ్గు ఏడికన్న పోతుండెనా?" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. చిన్నప్పుడు ఆయన వెనక నిలబడి వెక్కిరించినవన్నీ గుర్తొచ్చి నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది. ఆయనను ఇన్నేళ్లుగా తినేస్తున్నదాన్ని నేను రెండు రోజుల్లో ఆట చేశాను. పైగా నవ్వాను. "తీసేస్త బాపూ, పొద్దున్నే తీసేస్త" అన్నాను. ఆయన గోడ వైపు ఒత్తిగిలాడు. నిద్ర పట్టిందో, పట్టినట్టు ఉన్నాడో.

గురువారం పొద్దున గదిలో బాపును కుర్చీలో కూర్చోబెట్టి, సంగతంతా నా స్నేహితురాలికి మెల్లగా చెప్పి, తీసేస్తున్నానన్నాను. ఆమె ముందు కళ్లు తుడుచుకుంది. తర్వాత నా కంప్యూటర్‌కు అడ్డంగా నిలబడింది.

"నక్కో. తీసెయ్యకు."

"నీకు సిగ్గు లేదా? మా బాపు మీద నవ్వుకుంటరు జనం!"

"రేపు శుక్రవారమే! గిది తీసేస్తే ఆయన పది నిమిషాలల్ల లేస్తడు. నాకు తెల్సు, నీకు తెల్సు. మూడేండ్లే! ఒక్క పండుగకు మంచిగ కూసున్ననా నేను? నువ్వొక్కదానివే చేసినవా గీ ఆట?"

"ఆట పోతే పోతది!"

"నీ నోట్లెకెళ్లి వచ్చిందా గా మాట?" అంది, చాలా మెల్లగా. అరిచినా బాగుండేది.

ఆట కన్నా ముందు మా స్నేహం ముగిసేలా ఉందని నాకు నిజంగానే భయమేసింది. అప్పుడామె నన్ను దాటుకుని బాపు కుర్చీ ముందు నేల మీద కూర్చుంది. నేను అడగడానికి భయపడ్డదాన్ని ఆమె అడిగేసింది.

"చాచా, మీరే చెప్పుండ్రి. తీసెయ్యాల్నా?"

కింద బజార్లో ఎవరో ఆటోను స్టార్ట్ చేయలేక తన్నుతున్నారు.

"తీసెయ్యకు బేటీ. గానీ ఉన్నదున్నట్టు పెట్టుండ్రి. మీ ఆటల అంత సాఫ్‌గ ఇనవడుతది. ఐదంటే ఐదే, ఆరంటే ఆరే. గంత సాఫ్‌గ ఇనవడితే ఎవడు పంపుతడు? లెక్క రానోడే పంపుతడు. గందుకే గా పోరగాండ్లు నవ్విండ్రు. రెండు కలిసి పేలాలె. గప్పుడు సూడు, ఎవరు నవ్వుతరో."

గురువారమంతా ఆ ఒక్క చప్పుడు మీదే గడిచింది. నా స్నేహితురాలు రెండు పేలుళ్లను ఒకదాని మీదికి ఒకటి జరుపుతూ పోయింది. బాపు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటూ, "ఇంక దగ్గరికి" అంటాడు. ఆమె వెంట్రుకవాసి జరుపుతుంది. "ఇంక జర." మళ్లీ జరుపుతుంది. "మరీ కలిసిపోయింది, ఎన్కకు." ఆయన ఏ చప్పుడును వెతుకుతున్నాడో తెలిసిన నేను కోడ్ రాస్తున్నట్టు నటిస్తూ కూర్చున్నాను. మూడు గంటలకు చుక్కలు వేసే వేళ దాటిపోయినా లేపడానికి ధైర్యం చాలలేదు. ఎన్నోసారో ఆమె మళ్లీ మోగించింది. బాపు హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"గదే" అన్నాడు.

దాన్ని ఆటలో రెండు రకాలుగా పెట్టాను. ఆ పెద్ద చప్పుడు ఒక్కోసారి నిజంగానే రెండు ఫిరంగులది అవుతుంది. ఒక్కోసారి ఒక్కదానిదే అవుతుంది. ఏదో ముందుగా ఎవరికీ తెలియదు, రాసిన నాకు కూడా. ఆట నడుస్తుంటే పక్క కంప్యూటర్లో పడే చిట్టా చూస్తేనే తెలుస్తుంది.

శుక్రవారం పదకొండింటికి కంపెనీ ఆయన వచ్చాడు. కింద చెప్పుల దుకాణం చూసి, తన చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక నవ్వుకుంటూ మెట్లెక్కాడు. నలభై దాటినవాడు, నెమ్మదస్తుడు. మా గదిలో ఒక నియమం ఉంది. ఎవరైనా ఆడుతుంటే మేం నోరు విప్పకూడదు. సాయం చేయకూడదు, సంజాయిషీ చెప్పకూడదు, కడుపు మండినా సరే. బాపుకు కూడా చెప్పాను. "నేనేం మాట్లాడుత బిడ్డా" అని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

వచ్చినాయన ఒక చేత్తో ఫోన్ చూసుకుంటూనే మొదలుపెట్టాడు. గాలివాటు చూసుకుని ఓడ తిప్పాడు. మొదటి వరస పేల్చాడు. ఆరూ స్పష్టంగా పేలాయి. మందు కూరుతుంటే మళ్లీ ఫోన్ తీశాడు. ఆరు నిమిషాలైంది. ఏడు. నా స్నేహితురాలు పక్కన కూర్చుని గోడ గడియారాన్నే చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి, దువా చదువుతోందో, నన్ను తిడుతోందో. రెండో వరసలో ఐదే పేలాయి. ఆయన తల ఎత్తాడు. ఫోన్‌ను చాప మీద బోర్లా పెట్టాడు. "ఆగు" నొక్కి, రెండు చేతులతో కంట్రోలర్ పట్టుకున్నాడు. పది నిమిషాలు దాటాయి.

పదిహేనో నిమిషంలో శత్రువు ఓడ దగ్గరికొచ్చింది. ఇంకో రెండు వరసలు తగిలితే మునిగిపోయేలా ఉంది. ఆయన పేల్చాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తర్వాత ఆ చప్పుడు, కొంచెం పెద్దగా.

ఆయన బొటనవేలు "పో" మీదికి పోయి ఆగింది.

"ఇది రెండు కలిసి పేలినట్టుందే. ఐదా, ఆరా?" అన్నాడు. మేం కదలలేదు. "చెప్పరా? సరే." శత్రువు ఓడ మెల్లగా పక్కకు తిరుగుతోంది. ఇప్పుడు మందు కూరడం మొదలుపెడితే గెలుపు ఆయనది. ఆగితే ఇసుక జారేలోపల అవతలివాళ్ల ఫిరంగులన్నీ మీద పడతాయి. ఆయన చుట్టూ చూసి, కిటికీ వైపు కూర్చున్న ముసలాయనను చూశాడు.

"పెద్దాయనా, మీరూ విన్నారుగా. అన్నీ అయినయా?"

ఆ మాట ఆయనకు ఎవరు నేర్పారు? నా స్నేహితురాలు నా మణికట్టు పట్టుకుంది. బాపు మెడ కర్రలా బిగుసుకుపోయింది. ఆయన ఊరుకోవచ్చు. నియమం ఉంది కదా, ఊరుకుంటే ఎవరూ ఏమీ అనరు. ఊరుకో బాపూ, ఊరుకో అని లోపల మొత్తుకుంటున్నాను.

"నాకు తెల్వది సార్" అన్నాడు బాపు.

పుట్టి బుద్ధెరిగాక బాపు నోట ఇంకొకరి ముందు ఆ మాట వినడం నాకు అదే మొదలు. బొగ్గు ముక్క చూసి ఏ గనిదో చెప్పే మనిషి. మబ్బు చూసి ఏ జాముకు వాన పడుతుందో చెప్పే మనిషి. తప్పయినా చెబుతాడు గానీ తెలియదనడు.

"తెల్వనప్పుడు పంపద్దు సార్."

ఆయన ఒక్క క్షణం బాపు వీపునే చూశాడు. తర్వాత "ఆగు" నొక్కాడు. మనుషులు ఫిరంగులు వదిలి వెనక్కి జరిగారు. ఇసుక జారడం మొదలైంది. శత్రువు పేల్చాడు. మా ఓడ తెరచాప స్తంభం విరిగి నీళ్లలో పడింది. మళ్లీ పేల్చాడు. చుక్కాని పోయింది. ఇసుక ఇంకా సగం కూడా కాలేదు. ఆయన పళ్లు బిగించాడు గానీ వేలు కదపలేదు. ఇసుక అయిపోయేసరికి అవతలివాళ్లు తాళ్లు విసిరి మా ఓడ మీదికి ఎక్కారు. ఆట ముగిసింది. మొదటి నుంచి చివరిదాకా ఆడి, ఆయన ఓడిపోయాడు.

కంట్రోలర్ కింద పెట్టాడు. మంచినీళ్లు అడిగాడు. గ్లాసు సగం తాగి, "రెండు నిమిషాలు చాలా ఎక్కువమ్మా. నలభై సెకన్లు చేయండి. మిగతాది దేన్నీ ముట్టుకోకండి. జనంలోకి తెద్దాం" అన్నాడు.

మూడేళ్లు ఆ రెండు నిమిషాల కోసం కుక్కలా కొట్లాడినదాన్ని నేను. "సరే సార్" అనేశాను, ఎదురు మాట లేకుండా. నా స్నేహితురాలు నోరు తెరుచుకుని చూసింది. నాకు ఆ క్షణంలో గడియారం మీద పట్టింపే పోయింది. నలభై సెకన్లయినా నాలుగు సెకన్లయినా, ఆ వేలు అట్లా ఆగితే చాలు. ఆయన బాపు దగ్గరికి పోయి, ఏమనాలో తెలియనట్టు నిలబడి, నమస్కారం పెట్టి దిగిపోయాడు. నా స్నేహితురాలు ఆయనను సాగనంపడానికి వెంట పోయింది. మెట్ల మీదనుంచే వాళ్ల అమ్మీకి ఫోన్ చేసి అరుస్తున్న ఆమె గొంతు వినిపించింది.

గదిలో బాపూ నేనూ మిగిలాం.

"గీ సారి ఎన్ని పేలినయ్ బిడ్డా?" అన్నాడు.

చిట్టా తెరిచాను. ఆరు. ఆరూ పేలాయి. "పో" అని నొక్కి ఉంటే ఎవరికీ ఏమీ అయ్యేది కాదు, ఓడ గెలిచేది. ఐదని చెప్పాలని నా నాలుక చివరిదాకా వచ్చింది. ఐదంటే ఆయన మాట నిలిచినట్టవుతుంది. ఎవరు చూడొచ్చారు? కానీ ఆయనకు లెక్క విషయంలో అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు.

"ఆరు బాపూ. అన్ని పేలినయ్. ఉత్తగనే ఆగినం."

ఆయన నెమ్మదిగా కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు.

"ఫిరంగుల కాడోళ్లు?"

"పట్టువడ్డరు గానీ అందరున్నరు. ఒక్కలకు గూడ ఏం గాలే."

"అయితే మంచిగైంది" అన్నాడు. "గా దినం ఆగితే గూడ ఉత్తగనే ఆగిన అనిపిస్తుండెనేమో బిడ్డా. అయినా ఆగాల్సుండె గద."

నేను లేచి పోయి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాను. తర్వాత చుక్కల సీసా తెరిచాను.